ఆరేళ్ల బాబుని హాకీలో చివరి గ్రూపులో వేశారు, క్లబ్ మార్చాలా?

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటాం. మా బాబుకి ఈ నవంబరుకి ఏడేళ్లు నిండుతాయి. ఐస్ హాకీ అంటే పిచ్చి. క్లబ్‌లో ఎవాల్యుయేషన్ పెట్టి 8-యు (ఎనిమిదేళ్ల వరకు) విభాగంలో చివరి గ్రూపులో వేశారు. సగం రింకులోనే (ఐస్ మైదానంలో) ఆడిస్తారట, స్కోరు కూడా రాయరట. ఇంకో క్లబ్ వాళ్లు ట్రావెల్ టీములో (వేరే ఊళ్లకి వెళ్లి ఆడే జట్టు) చోటుంది రమ్మంటున్నారు. మార్చేయమంటారా? రేపు కాలేజీ స్కాలర్‌షిప్‌కి ఇది అడ్డం అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు బాబు పుట్టిన నెల చూడండి. సగం జవాబు అందులోనే ఉంది.

అమెరికాలో ఈ ఆటని నడిపే సంస్థ యూఎస్ఏ హాకీ. అది పిల్లల్ని బడి తరగతిని బట్టి కాదు, పుట్టిన సంవత్సరాన్ని బట్టి విడదీస్తుంది. లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది. 8-యులో ప్రధానంగా రెండు సంవత్సరాల పిల్లలు కలిసి ఉంటారు. మీవాడు అందులో చిన్న బ్యాచ్, అందులోనూ నవంబరు. అంతకు ముందు ఏడాది జనవరిలో పుట్టిన పిల్లాడికీ మీవాడికీ 22 నెలల తేడా. ఆరేడేళ్ల వయసులో అది కాళ్ల బలంలో, బ్యాలెన్స్‌లో, చెప్పింది వినే ఓపికలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1980ల్లో కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బార్న్‌స్లీ ఈ సంగతే గమనించారు: పై స్థాయి జూనియర్ హాకీలో ఏడాది మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ. నెలల్లో పెద్దవాళ్లు చిన్నప్పుడు ముందు కనబడతారు, ముందు ఎంపికవుతారు, మంచి కోచింగ్, ఎక్కువ ఐస్ టైమ్ వాళ్లకే దక్కుతాయి. ఆ తేడా అలా పెరుగుతూ పోతుంది. కాబట్టి ఈ ఎవాల్యుయేషన్ మీవాడి ప్రతిభని కొలిచిందని నేను అనుకోను. అది చాలావరకు వయసుని కొలిచింది. పైగా వచ్చే సీజన్ కూడా వాడు 8-యులోనే ఉంటాడు, అప్పుడు పెద్ద బ్యాచ్ వాడిదే.

ఇక సగం రింకు సంగతి. అమెరికాలో మామూలు రింకు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. అందులో ఆరేళ్ల పిల్లల్ని వదిలితే ఏమవుతుందో ఒకసారి ఊహించండి. వేగంగా స్కేట్ చేసేవాడు ఒకడు పక్ (ఆటలో కర్రతో కొట్టే బిళ్ల) తీసుకుని పోతాడు, మిగతావాళ్లంతా వాడి వెనకాల పరుగు. ఆట అయిపోయేసరికి సగంమంది కర్రకి పక్ తగిలి ఉండదు. యూఎస్ఏ హాకీ 2009లో తెచ్చిన అమెరికన్ డెవలప్‌మెంట్ మోడల్ దీన్ని మార్చడానికే. ఐస్‌ని విడదీసి, చిన్న చోట తక్కువమందితో ఆడిస్తారు. పక్ కూడా తేలిక: నల్లది 170 గ్రాములుంటే చిన్నపిల్లలకిచ్చే నీలం రంగుది సుమారు 113 గ్రాములు. ఒక్కడినే గోలీగా (గోల్ కీపర్‌గా) కూర్చోబెట్టరు, అందరూ వంతులవారీగా నిలబడతారు. నిమిషం, నిమిషంన్నరకోసారి బజర్ మోగగానే ఐస్ మీదున్నవాళ్లు బయటికి, బెంచీ మీదివాళ్లు లోపలికి. బాగా ఆడేవాడికి ఎక్కువసేపు, మిగతావాళ్లకి తక్కువసేపు అనేది ఉండదు. చివరి గ్రూపు పిల్లాడికి ఇంతకంటే మేలు చేసే ఏర్పాటు నాకు తెలియదు.

సీజన్ సాధారణంగా ఇలా నడుస్తుంది. వేసవిలోపు రిజిస్ట్రేషన్, బర్త్ సర్టిఫికెట్ తప్పనిసరి. వేసవి చివర్లోనో సెప్టెంబరులోనో గ్రూపులు వేస్తారు. అక్కడినుంచి మార్చి వరకు వారానికి రెండు మూడుసార్లు ఐస్ మీద. ప్రాక్టీసులే ఎక్కువ. ఒకే గంటలో రింకుని ముక్కలుగా చేసి ఒకచోట మలుపులు, ఒకచోట పాసులు, ఇంకోచోట కేవలం ఆట. కొన్ని నిమిషాలకోసారి పిల్లలు స్టేషన్ మారుతుంటారు. మ్యాచులు జాంబోరీలంటారు: రెండు మూడు క్లబ్బుల పిల్లల్ని కలిపి చిన్న చిన్న ఆటలు ఆడిస్తారు. పాయింట్ల పట్టిక ఉండదు. ఎవరు గెలిచారో పిల్లలు మాత్రం కచ్చితంగా లెక్కపెట్టుకుంటారు, ఆ బాధ్యత వాళ్లకే వదిలేయండి.

ట్రావెల్ టీము యూఎస్ఏ హాకీ పరిధిలో ఉంటే అక్కడా ఈ వయసుకి దాదాపు ఇదే ఆట. తేడా మీ పెట్రోలులో, శనాదివారాల్లో, ఫీజులో ఉంటుంది. చేరేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఒక మ్యాచ్‌కి ఎన్ని ప్రాక్టీసులు? రెండుకంటే తక్కువంటే వెళ్లకండి.

స్కాలర్‌షిప్ మాటకొస్తే, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. మీరడిగారు కాబట్టి చెబుతున్నాను. యూఎస్ఏ హాకీ 12 ఏళ్లలోపు పిల్లలకి జాతీయ చాంపియన్‌షిప్పే పెట్టదు, ఆ వయసు వరకు మ్యాచుల్లో బాడీ చెకింగ్‌కి (ఒంటితో ఢీకొట్టడానికి) కూడా అనుమతి లేదు. కాలేజీలు చూసేది టీనేజీలో. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలూ, కాలేజీ క్రీడల్లో కింది స్థాయి అయిన డివిజన్-3 కాలేజీలూ ఆట కోసమని స్కాలర్‌షిప్ ఇవ్వనే ఇవ్వవు. పై స్థాయి అయిన డివిజన్-1లో పురుషుల హాకీ ఉన్న కాలేజీలు 60 పైచిలుకు, వాటికి కెనడా, యూరప్ పిల్లలు కూడా పోటీకొస్తారు. కాలేజీ ఖర్చు గురించి ఆలోచన ఉంటే ట్రావెల్ టీముకి పెట్టే డబ్బు 529 ప్లాన్‌లో (చదువుకోసం దాచే పొదుపు ఖాతా) వేయండి.

ఈ సీజన్‌కి ఉన్న క్లబ్‌లోనే ఉంచండి. కోచ్‌ని కలిసినప్పుడు గ్రూపు మార్చమని అడక్కండి, "వీడు ఈ రెండు నెలల్లో ఏం నేర్చుకోవాలి" అని అడగండి. వెనక్కి స్కేట్ చేయడమనో, రెండువైపులా ఆగడమనో ఒకటి చెబుతాడు. పబ్లిక్ స్కేటింగ్ గంటల్లో దాన్ని ఆటగా చేయించండి చాలు. సామాను వాడినదే కొనుక్కోవచ్చు, హెల్మెట్‌కి మాత్రం వెనక అంటించిన స్టిక్కరు మీద గడువు తేదీ చూసి తీసుకోండి. మెడ రక్షణ పట్టీ 2024 ఆగస్టు నుంచి పిల్లలందరికీ తప్పనిసరి, అది లేకపోతే ఐస్ మీదికి పంపరు.