ఐదేళ్లు పోతాయా, పడతాయా?

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తాను. మా అమ్మాయి బీటెక్ కెమికల్ మూడో సంవత్సరం. నీటి శుద్ధి, ఊక బూడిదను కాంక్రీటులో కలపడం వంటి వాటిపై పరిశోధన చేస్తానంటోంది. డేటా సైన్స్ కోర్సు చేయించి సాఫ్ట్‌వేర్‌లోకి పంపమని అందరూ అంటున్నారు. ఏది మేలు? పీహెచ్‌డీ అంటే ఐదేళ్లు పోతాయి కదా?

జవాబు: మీ అసలు ప్రశ్న ఆ చివరి వాక్యమే. పెళ్లి అనే మాట మీరు రాయలేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి, ఏ తండ్రీ ఆ మాట రాయడు. కొడుకు విషయంలో ఐదేళ్లు ‘పడతాయి’ అంటారు, కూతురి విషయంలో ‘పోతాయి’ అంటారు. కోపగించుకోకండి, మీ ఉత్తరంలో ఉన్న మాటే చెబుతున్నాను.

ముందు డబ్బు భయం తీసేద్దాం. గేట్ లేదా నెట్ అనే జాతీయ పరీక్షల అర్హతతో జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) దొరికితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు వస్తాయి. 2023లో పెంచిన మొత్తాలివి. ఇంటి అద్దె భత్యం వేరు. ఆమె మీకు భారం కాదు. ఫెలోషిప్ లేని సీటులో మాత్రం చేర్చకండి. గేట్ సంగతులు ఆమెకు నాకన్నా బాగా తెలుసు, అవి వదిలేస్తున్నాను. డేటా సైన్స్ గురించి ఒక్క మాట: ఆ లెక్కలు నేర్చుకుంటే ప్లాంటులోనూ పనికొస్తాయి, ఆరు నెలల కోర్సు పత్రం ఒక్కటే పట్టుకుని వెళితే ఎక్కడా పనికిరాదు.

నా అనుమానం నీటి శుద్ధి పరిశోధన మీదే. చాలా ల్యాబుల్లో చింతగింజలు లేదా వేరుశనగ పొట్టు కాల్చి పొడి చేస్తారు. తామే కలిపిన రంగు నీళ్లలో వేస్తారు. రంగు పోయిందని గ్రాఫు గీసి పత్రం ప్రచురిస్తారు. ఈ ఫ్యాషన్ ఏళ్లుగా నడుస్తోంది. రంగు పీల్చుకున్న ఆ పొడిని ఎక్కడ పారేయాలో మాత్రం చాలామంది రాయరు.

మన జిల్లాకు ఈ చిక్కు పాతదే. తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను తీయడానికి నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించిన పద్ధతి ‘నల్లగొండ టెక్నిక్’గా ప్రపంచానికి తెలుసు. పటిక, సున్నం వేసి కలియబెడితే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది. చవకైన పద్ధతే. కానీ పటిక మోతాదు ప్రతి బావి నీటికీ మారుతుంది, తేడా వస్తే పటికలోని అల్యూమినియం నీటిలోనే మిగులుతుంది. ఇక ఫ్లోరైడ్ నిండిన మడ్డిని రోజూ ఎవరు ఎత్తాలి, ఎక్కడ పోయాలి? ఫ్లోరైడ్ బాధ పడ్డ మర్రిగూడ వైపు ఊళ్లకు చివరికి ఊరటనిచ్చింది పైపుల్లో వచ్చిన కృష్ణా నీళ్లే. అందుకే గైడును ఎంచుకునేటప్పుడు మీ అమ్మాయి రెండు విషయాలు అడగాలి: ప్రయోగాలు నిజమైన వ్యర్థజలంతో చేస్తారా, మిగిలిన మడ్డిని ఏం చేస్తారు? సరైన జవాబు రాకపోతే ఆ ల్యాబ్ ఎంత పేరున్నదైనా వద్దు.

బూడిద సంగతి వేరు, అక్కడ నాకు ఆశ ఉంది. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా. ఊకను కాల్చే బాయిలర్‌లో వేడి మితిమీరితే అది స్ఫటికంగా మారి సిమెంటుతో చురుగ్గా కలవదు. సరిగా కాలకపోతే మిగిలిన కార్బన్ కాంక్రీటులో నీళ్లు తాగేస్తుంది. బొగ్గు బూడిదకైతే దారి ఎప్పుడో పడింది, పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజోలానా) అనే రకం సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా కలుపుతారు. మీ పక్కనే దామరచర్లలో 4,000 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది, వాడపల్లిలో సిమెంటు కర్మాగారాలున్నాయి. మిల్లు బూడిద గుణం తెలిసిన ఇంజినీరు ఇక్కడ ఖాళీగా కూర్చోదు. ఇంతకీ ఆమెకు ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో ఒక్కసారైనా అడిగారా? మీరు రోజూ పారబోయిస్తున్న కుప్ప దగ్గరే అని నా అనుమానం.

ఈ వేసవిలో చౌటుప్పల్‌లోనో, జడ్చర్ల దగ్గర పోలేపల్లిలోనో ఒక మందుల కంపెనీ వ్యర్థజల శుద్ధి విభాగంలో రెండు నెలలు పని చేయనివ్వండి. ఆ వాసన తట్టుకుని తిరిగొచ్చాక కూడా ఇదే కావాలంటే, ముందు ఎంటెక్. వరంగల్ నిట్, ఉస్మానియా టెక్నాలజీ కళాశాల రెండూ చూడమనండి. పీహెచ్‌డీ నిర్ణయం రెండేళ్ల తర్వాత తీసుకోవచ్చు.

సెలవులకు వచ్చినప్పుడు ఆమెను మీ మిల్లు బాయిలర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆపరేటర్‌తో తీరిగ్గా మాట్లాడనివ్వండి. మీరు పక్కన నిలబడి వినండి. ఐదేళ్ల లెక్క మాత్రం ఆ పూట తీయకండి.