ఆ ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: బిస్కెట్ల ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్లో పద్నాలుగేళ్ల ఎనిమిది నెలలు పనిచేశాను. కంపెనీ దివాలా తీసిందని గేటుకు నోటీసు అంటించారు. మూడు నెలల జీతం బాకీ. ఆఫీసువాళ్లు 'సెటిల్‌మెంట్' అంటూ ఒక కాగితం చేతిలో పెట్టి సంతకం చేయమంటున్నారు. అంకె రాసేచోట ఖాళీగా ఉంది. మాకేమైనా దక్కుతుందా, అంతా బ్యాంకులే ఊడ్చుకుపోతాయా?
- ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం సంగతి. సంతకం పెట్టకండి. మిల్లు మూతపడ్డప్పుడు మా నాన్న ఇలాంటిదాని మీదే పెట్టి వచ్చాడు. 'నా బాకీలన్నీ ముట్టినవి' అని పైన అచ్చయి ఉన్న లైను చదువుకోలేదు. ఆ ఒక్క లైను పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగాం.

బ్యాంకులే ఊడ్చుకుపోతాయన్నది సగమే నిజం. 2016 నాటి దివాలా చట్టం 53వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఆస్తులు అమ్మితే ముందు ఆ ప్రక్రియ ఖర్చులు తీస్తారు. ఆ వెంటనే కార్మికుల 24 నెలల బాకీలు, తాకట్టు మీద అప్పిచ్చిన బ్యాంకులు ఒకే వరసలో నిలబడతాయి. మేనేజర్లది మీ వెనక వరస, వాళ్లకి 12 నెలల బాకీయే. మీ పీఎఫ్ సొమ్ము అసలు ఈ కుప్పలో కలవదు. అయితే జీతంలో కోసినదంతా జమ చేశారా? ఫోన్లో పాస్‌బుక్ తెరిచి నెల నెలా చూడండి. తేడా ఉంటే పీఎఫ్ ఆఫీసులో రాసి ఇవ్వండి.

వరసలో ఉండాలంటే మీరు క్లెయిమ్ వేయాలి. ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) కేసు చేర్చుకున్నాక రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ని, అంటే ఆ దివాలా ప్రక్రియ నడిపే మనిషిని పెడతారు. ఆయన పేపర్లో ప్రకటన వేస్తారు, గడువు 14 రోజులు. దాటినా 90 రోజుల వరకూ దారి ఉంది గానీ అంతదాకా ఎందుకు? కార్మికులు నింపాల్సింది 'ఫారం డి'. నియామక పత్రం లేకపోతే పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు జత చేయండి.

గ్రాట్యుటీ కూడా అందులోనే రాయండి, ఎవరూ గుర్తు చేయరు. ఆరు నెలలు దాటింది కాబట్టి మీది 15 ఏళ్ల సర్వీసు కింద లెక్క. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో, మళ్లీ 15తో గుణించండి. ఎనిమిదిన్నర నెలల జీతం పైమాటే.

ఇది త్వరగా తేలదు. కేసు ముగించడానికి చట్టం పెట్టిన 330 రోజుల గడువు చాలా కేసుల్లో దాటిపోతోంది. ఈలోగా ఎక్కడ పని దొరికితే అక్కడ చేరండి, దానివల్ల క్లెయిమ్ పోదు. ఆ కాగితం మాత్రం చింపకండి. ఖాళీ కనబడేలా ఫొటో తీసి దాచుకోండి.