పార్మిజానో అని బోర్డు పెట్టి వేరే చీజ్ అమ్మితే డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: ఇటలీలోని మిలాన్‌లో చదువుకుంటున్నాను. స్కాలర్‌షిప్ డబ్బుతోనే నెల గడవాలి. వారపు సంతలో ఒక కొట్టు ముందు ‘పార్మిజానో’ (ఇటలీలో పేరున్న గట్టి చీజ్) అన్న బోర్డు చూసి తురిమిన చీజ్ కిలో కొన్నాను. సూపర్‌మార్కెట్ ధరలో సగానికే వచ్చింది. గదికి వచ్చి సంచి వెనక స్టిక్కర్ చదివితే ‘తురిమిన గట్టి చీజ్‌ల మిశ్రమం’ అని ఉంది. మరుసటి వారం అడిగితే, తినే వస్తువు వెనక్కి తీసుకోం అన్నాడు. కేసు వేయవచ్చా? తక్కువ డబ్బుతో అసలైనది కొనాలంటే ఏం చూడాలి? లండన్‌లో ఉన్న మా అక్కకు తీసుకెళ్లవచ్చా? తను శాకాహారి.

జవాబు: ‘తినే వస్తువు వెనక్కి తీసుకోం’ అన్న మాట మీ విషయంలో చెల్లదు. కొన్నాక మనసు మారి తిరిగి ఇవ్వడం ఒక హక్కు, చెప్పిన సరుకు కాకుండా వేరేది అంటగట్టినప్పుడు నిలదీయడం మరో హక్కు. వ్యాపారి ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నాడు.

మొదటి హక్కు ప్రధానంగా ఆన్‌లైన్ కొనుగోళ్లకు వర్తిస్తుంది. గడువు 14 రోజులు. త్వరగా పాడయ్యే వస్తువులకూ, పరిశుభ్రత కోసం సీలు వేసినవాటిని విప్పేశాకా ఇటలీ వినియోగదారుల కోడ్ (2005 నాటి 206వ శాసనం) 59వ ఆర్టికల్ దీన్ని వర్తించనివ్వదు. సంతలో మీరే వెళ్లి కొన్నారు కాబట్టి ఈ హక్కు మీకు ఎలాగూ లేదు. రెండోది మాత్రం ఉంది. అమ్మేవాడు ఏ పేరు చెప్పి అమ్మాడో ఆ సరుకే ఇవ్వాలి. లేకపోతే మార్చి ఇమ్మని అడగవచ్చు, అది కుదరనప్పుడు ధర తగ్గించమనో డబ్బు తిరిగి ఇమ్మనో అడగవచ్చు. ఇవి అదే కోడ్‌లో 129వ ఆర్టికల్ నుంచి ఉన్నాయి. ఆన్‌లైన్‌లో తెప్పించిన వాక్యూమ్ ప్యాకెట్‌లోకి గాలి చేరి, బూజు పట్టి వచ్చినా ఇదే దారి. అక్కడ కూడా ‘చీజ్‌కు రిటర్న్ లేదు’ అనే అంటారు, ఒప్పుకోకండి.

మీ వాదనకు బలం బోర్డు. స్టిక్కర్ మీద నిజమే రాశానని అతను అంటాడు. మిమ్మల్ని కొనేలా చేసింది బోర్డు అని మీరు చూపించాలి. అందుకే ముందు బోర్డుకు, అందులో ధర కూడా కనిపించేలా, ఫొటో తీయండి. సంచిని ఇక వాడకండి. స్టిక్కర్ మీది లాట్ నంబర్, స్కొంత్రీనో (రసీదు), కార్డుతో కట్టి ఉంటే బ్యాంకు మెసేజ్ దాచండి. స్కొంత్రీనో మీద వ్యాపారి పేరు, పన్ను నంబర్ ఉంటాయి. వాటితో లిఖితపూర్వకంగా డబ్బు అడగండి. స్పందన లేకపోతే సంతలను తనిఖీ చేసే స్థానిక మునిసిపల్ పోలీసులకు, లేదా వ్యవసాయ మంత్రిత్వ శాఖ కింద ఆహార మోసాలను పట్టుకునే విభాగం ఐసీక్యూఆర్ఎఫ్‌కు ఫిర్యాదు పంపండి.

ఒక సరుకు చెప్పి మరో సరుకు ఇవ్వడం ఇటలీ శిక్షాస్మృతి 515వ ఆర్టికల్ కింద నేరమే. రెండేళ్ల దాకా జైలు, లేదా 2,065 యూరోల దాకా జరిమానా. పార్మిజానోలా ఒక ప్రాంతంలో తయారైన సరుకుకే చెల్లే రక్షిత పేర్లకు నకిలీ చేస్తే 517-క్వాటర్ ఆర్టికల్ ఉంది. అయినా కిలో చీజ్ కోసం మీరు క్రిమినల్ కేసు వెంట తిరగడం నా ఉద్దేశంలో దండగ. తనిఖీ అధికారికి ఫొటోతో ఫిర్యాదు వెళ్తే తర్వాతి సంగతి వాళ్లు చూసుకుంటారు. సివిల్‌గా జుదీచే ది పాచే (చిన్న కేసుల జడ్జి) ముందు 1,100 యూరోల లోపు దావాను లాయర్ లేకుండానే నడపవచ్చు, కానీ ఇంత చిన్న మొత్తానికి వినియోగదారుల సంఘం చేత ఒక ఉత్తరం రాయించడమే మేలు.

ఇక కొనడం గురించి. అసలైన పార్మిజానో, అంటే పార్మిజానో రెజ్జానో, కిలోకు దాదాపు 14 లీటర్ల పాలు కావాలి, ఆపైన కనీసం 12 నెలలు మగ్గాలి. సగం ధరకు వస్తోందంటే అక్కడే అనుమానించాలి. ముక్కగా కొంటే తొక్కు (చీజ్ గట్టి పైపొర) చూడండి. చుక్కలతో అచ్చువేసిన పేరు అక్షరాలు కనబడాలి. తురుము కొనేటప్పుడు ఆ ఆధారం ఉండదు కాబట్టే మోసం అక్కడ ఎక్కువ. అసలైన తురుములో తొక్కు 18 శాతం మించకూడదు, కలిపిన పదార్థం (అడిటివ్) ఏదీ ఉండకూడదు, తురమడం, ప్యాకింగ్ తయారీ ప్రాంతంలోనే జరగాలి. ప్యాకెట్ మీద పూర్తి పేరు, ఎరుపు-పసుపు డీఓపీ (రక్షిత పేరుకు యూరప్ గుర్తు) గుండ్రటి ముద్ర లేకపోతే తీసుకోవద్దు. ‘పార్మెజాన్’ అన్న మాట కూడా ఈ రక్షిత పేరునే గుర్తుచేస్తుందని యూరప్ న్యాయస్థానం 2008లో జర్మనీ కేసులో తేల్చింది. అమెరికాలో ఆ పదం ఎవరైనా వాడుకోవచ్చు, కాబట్టి అక్కడి స్నేహితులు చెప్పే ధరలతో పోల్చకండి.

డబ్బు ఆదా కావాలంటే అరల మీది కిలో ధర చదవండి, అది రాయడం తప్పనిసరి. చిన్న తురుము ప్యాకెట్ కన్నా అరకిలో వాక్యూమ్ ముక్క సాధారణంగా చవక, పైగా అప్పటికప్పుడు తురుముకుంటే వాసన నిలుస్తుంది. ఇలాంటిదే మరో గట్టి చీజ్ గ్రానా పదానోకు 9 నెలలు మగ్గితే చాలు, ధరా తక్కువే. రోజూ పాస్తాలోకి అది చాలు. తొక్కు చుట్టూ సమాంతర గీతలు గీసినది ‘మెత్జానో’ రకం, అంటే రెండో తరగతి పార్మిజానో. రూపంలో, లోపల గుజ్జులో చిన్న లోపాలు ఉండవచ్చు కానీ అదీ డీఓపీయే. దొరికితే వదలకండి. కౌంటర్లలో తొక్కు ముక్కలు విడిగా అమ్ముతారు, గీకి కడిగి సూప్‌లో ఉడికించుకోవచ్చు. ‘ఫలానా తేదీలోపు తింటే మంచిది’ అని రాసిన గట్టి చీజ్ ఆ తేదీ దగ్గరపడితే తగ్గించి అమ్ముతారు. ఆ తేదీ నాణ్యతకు సంబంధించినది, దాటినంత మాత్రాన విషం కాదు. ముక్క మీద బూజు కనిపిస్తే చుట్టూ రెండున్నర సెంటీమీటర్లు కోసేసి మిగతాది వాడుకోవచ్చు. తురుముకు బూజు పడితే మాత్రం మొత్తం పారేయాల్సిందే.

కౌంటర్‌లో తూకం వేసేటప్పుడు కాగితం, ట్రే బరువు తీసేయాలని 1981 నాటి 441వ చట్టం చెబుతోంది. తొక్కు మాత్రం సరుకులో భాగమే, దాని బరువు తగ్గించమని అడగలేరు. అందుకే చీజ్ చక్రం (గుండ్రటి పెద్ద దిమ్మ) అంచున మూడు వైపులా తొక్కు ఉన్న ముక్కను పూర్తి ధరకు తీసుకోకండి.

మీ అక్క సంగతి. పార్మిజానో రెజ్జానో, గ్రానా పదానో రెండింటిలోనూ పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, గొర్రెపాల చీజ్ పెకొరీనో రొమానోలో గొర్రెపిల్లది. మన దేశంలోలాగా ఆకుపచ్చ చుక్క ఉండదు, రెన్నెట్ ఏ రకమో రాయాలన్న నియమం కూడా యూరప్‌లో లేదు. కాబట్టి దీని మీద ఫిర్యాదు నిలవదు. గ్రానా పదానోలో గుడ్డు నుంచి తీసే లైసోజైమ్ వాడితే అది అలర్జీ పదార్థం కింద లేబుల్ మీద ఉండాలి, చూడండి. శాకాహారికి ‘కాల్యో మిక్రోబికో’ (సూక్ష్మజీవుల రెన్నెట్) లేదా ‘కాల్యో వెజెతాలే’ (మొక్కల రెన్నెట్) అని రాసిన వేరే గట్టి చీజ్ కొనాలి.

అది కొన్నా లండన్‌కు మోసుకెళ్లలేరు. యూరోపియన్ యూనియన్ నుంచి ప్రయాణికులు సొంత వాడకానికైనా చీజ్ తీసుకురావడాన్ని 2025 ఏప్రిల్ 12 నుంచి బ్రిటన్ నిషేధించింది. డ్యూటీ ఫ్రీలో సీలు వేసి కొన్నదైనా అంతే. సరిహద్దులో ముందే అప్పగించేస్తే సరుకు పోవడంతో సరిపోతుంది. దాచి పట్టుబడితే తీవ్రమైన సందర్భాల్లో 5,000 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. సూక్ష్మజీవుల (మైక్రోబియల్) రెన్నెట్‌తో చేసిన గట్టి చీజ్ లండన్ సూపర్‌మార్కెట్లలోనే దొరుకుతుంది, అక్కను అక్కడే కొనుక్కోమనండి.