అమెరికన్లు సొంత దేశపు కంపెనీల్ని కాదని టయోటా, హోండాలు ఎందుకు కొంటారు? దేశాభిమానం ఉండదా?

ఉంటుంది. కాకపోతే కారు కొనేటప్పుడు ఆ అభిమానం ఎంతవరకు పనిచేస్తుందన్నది ఆ మనిషి ఏ ఊళ్ళో ఉంటాడు, ఇంట్లోకి జీతం ఎవరి దగ్గర్నుంచి వస్తుంది, కొనేది సెడానా పికప్ ట్రక్కా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేనుండేది ఫోర్డ్, జనరల్ మోటార్స్ లాంటి అమెరికన్ కార్ల కంపెనీలకి పుట్టిల్లైన డెట్రాయిట్ శివార్లలో. కార్ల కంపెనీలకు విడిభాగాలు సప్లై చేసే చోట క్వాలిటీ ఇంజనీర్‌ని. మా సరుకు ఇక్కడి కంపెనీలకూ పోతుంది, కెంటకీ, టెనెసీ వైపున్న జపాన్ వాళ్ళ ప్లాంట్లకూ పోతుంది. అందుకని ఈ పోటీని రెండు పక్కల నుంచీ చూస్తూనే ఉంటాను.

నా మొదటి కారు పాంటియాక్ వైబ్. ఎంఎస్ చదివేటప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాంటియాక్ అంటే జనరల్ మోటార్స్ (జీఎం) బ్రాండు. 2009 దివాలా గొడవల్లో జీఎం దాన్ని ఎత్తేసింది. నేను ఆ బండి చూసి వచ్చానని తెలియగానే రూమ్మేట్లు గోల పెట్టారు. "మూతపడ్డ బ్రాండు ఎవడైనా కొంటాడట్రా? రేపు అమ్మాలంటే ఎవడు తీసుకుంటాడు? ఇంకో వెయ్యో రెండువేలో వేసుకుని కరోలా చూసుకో" అని. ఇక్కడ చదువుకున్న మనవాళ్ళకి చెప్పక్కర్లేదు, పాత కరోలాలు, క్యామ్రీలు ఒక బ్యాచ్ చేతిలోంచి ఇంకో బ్యాచ్ చేతిలోకి పోతూనే ఉంటాయి.

కానీ ఆ వైబ్ బానెట్ ఎత్తితే లోపల ఉన్నది టయోటా ఇంజనే. టయోటా మ్యాట్రిక్స్, పాంటియాక్ వైబ్ రెండూ అక్కాచెల్లెళ్ళు. పై రేకులు, ముందు గ్రిల్, బ్యాడ్జీ తేడా, అంతే. నేను వెళ్ళే మెకానిక్ పార్టులు ఆర్డర్ చెయ్యాల్సి వస్తే కంప్యూటర్లో మ్యాట్రిక్స్ అనే కొట్టేవాడు. అదే ఏడాది మ్యాట్రిక్స్ మాత్రం నా బడ్జెట్‌కి అందేది కాదు. ఇంకో విచిత్రం, 2010 జనవరిలో యాక్సిలరేటర్ పెడల్ ఇరుక్కుంటోందని టయోటా లక్షల బళ్ళు రీకాల్ చేసినప్పుడు 2009, 2010 మోడల్ వైబ్‌లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. సుగుణాలతో పాటు లోపం కూడా పంచుకున్నాయి. ధర దగ్గరే పంచుకోలేదు.

వైబ్ తయారైంది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. ఆ ప్లాంటు కథ తెలిస్తే మీ ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే. మొదట అది జీఎం సొంత ప్లాంటు. పనికి డుమ్మా కొట్టేవాళ్ళు, తాగొచ్చేవాళ్ళు, యూనియన్‌తో నిత్యం తగువులు. విసిగిపోయి 1982లో మూసేశారు. 1984లో టయోటాతో భాగస్వామ్యంలో 'నుమ్మీ' అన్న పేరుతో మళ్ళీ తెరిచారు. పనిలోకి తీసుకున్నది చాలావరకు ఆ పాత వర్కర్లనే, యూనియన్ కూడా అదే. పద్ధతి మాత్రం టయోటాది. లైన్లో లోపం కనబడితే వర్కరే తాడు లాగి లైన్ ఆపొచ్చు. కొద్దికాలంలోనే జీఎం ప్లాంట్లలో నాణ్యతకి అదే పేరు తెచ్చుకుంది. "అమెరికా వర్కర్లకి పని చేతకాదు" అన్న మాట నోరు మూయించిన ప్లాంటు అది. (జీఎం, టయోటా రెండూ వదిలేశాక 2010లో టెస్లా కొనుక్కుంది. ఇప్పుడు మనవాళ్ళు ఎగబడి కొంటున్న మోడల్ వైలలో బోలెడన్ని అక్కడివే.)

ఆ నుమ్మీలోనే 1980ల చివర్నుంచి ఒకే లైన్ మీద రెండు కార్లు వచ్చేవి. ఒకదాని మీద టయోటా కరోలా అని, రెండోదాని మీద జీఎం వాళ్ళ ప్రిజ్మ్ అని రాసేవాళ్ళు. చేసిన చేతులు అవే, ఇంజను అదే. అయినా జనం కరోలాకే ఎక్కువ డబ్బు పెట్టారు, ప్రిజ్మ్ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో త్వరగా విలువ పోగొట్టుకునేది. "జపాన్ కారు బాగుంటుంది కాబట్టి కొంటున్నారు" అనే సులువు జవాబు ఇక్కడ నిలవదు. ఇద్దరూ చేసింది ఒకే కారు. అప్పటికే జనం ఒక పేరుని నమ్మడం, ఇంకో పేరుని అనుమానించడం అలవాటు చేసుకున్నారు.

ఆ అనుమానం ఊరికే రాలేదు. జపాన్ వాళ్ళు మొదట్లో ఏమంత గొప్పగా దిగలేదు. 1958లో టయోటా తెచ్చిన టొయోపెట్ క్రౌన్ ఇక్కడి హైవేల మీద ఆయాసపడిపోయింది, రెండు మూడేళ్ళకే అమ్మకం ఆపేశారు. తర్వాత 1973లో, మళ్ళీ 1979లో చమురు సంక్షోభాలొచ్చి పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరినప్పుడు జనం చిన్న కార్ల కోసం చూశారు. డెట్రాయిట్ దగ్గరున్న చిన్న కార్లేమో జీఎం వాళ్ళ షెవర్లే వేగా, ఫోర్డ్ పింటో. వేగా తుప్పుకీ, ఇంజను వేడెక్కిపోవడానికీ పేరుపడింది. పింటోని వెనకనుంచి గుద్దితే ట్యాంకు అంటుకుంటోందని 1978లో రీకాల్ చెయ్యాల్సి వచ్చింది. పెద్ద కార్ల మీద లాభం ఎక్కువ కాబట్టి చిన్న కారుని మొక్కుబడిగా చేశారన్నది నా అభిప్రాయం. ఆ చిన్న కార్లు కొన్నది అప్పుడే ఉద్యోగంలో చేరిన పాతికేళ్ళ కుర్రాళ్ళు. మొదటి కారు నడిరోడ్డు మీద ఆగిపోయినవాడు తర్వాత జీవితాంతం కొనే నాలుగైదు కార్లు ఎవరివో ఊహించుకోండి. వాళ్ళ పిల్లలు డ్రైవింగ్ నేర్చుకున్నది కూడా ఆ తర్వాతి కారు మీదే.

ఇక ప్రభుత్వం అడ్డుకట్ట వెయ్యబోతే అది ఎదురు తిరిగింది. 1981లో ఒత్తిడి తెచ్చి, ఏడాదికి 16.8 లక్షల కార్లకు మించి పంపబోమని జపాన్ చేత ఒప్పించారు. లెక్క పెట్టి పంపాల్సి వస్తే చవక కారు ఎందుకు పంపుతారు? ఖరీదైనవి పంపడం మొదలెట్టారు. 1986లో హోండా ఆక్యురా, 1989లో టయోటా లెక్సస్, నిస్సాన్ ఇన్ఫినిటీ వచ్చాయి. ఇంకోపక్క ఇక్కడే ప్లాంట్లు కట్టుకున్నారు. 1982 నవంబర్లో ఒహాయోలోని మేరీస్‌విల్‌లో హోండా అకార్డ్ లైన్ మీదకొచ్చింది. 1983లో టెనెసీలో నిస్సాన్, 1988లో కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో టయోటా.

అదే 1982లో డెట్రాయిట్ మాత్రం రగిలిపోతోంది. ప్లాంట్లు మూతపడుతున్నాయి, జపాన్ కార్లని సుత్తులతో పగలగొట్టే కార్యక్రమాలు పెట్టేవాళ్ళు. ఆ జూన్‌లో విన్సెంట్ చిన్ అనే చైనా మూలాల యువకుణ్ణి, పెళ్ళికి కొద్ది రోజుల ముందు, కార్ల ప్లాంటు సూపర్వైజరొకడు, అతని సవతి కొడుకు కలిసి బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. "మీవల్లే మా ఉద్యోగాలు పోతున్నాయి" అన్నట్టు తిట్టారని సాక్షులు చెప్పారు. శిక్ష? ప్రొబేషన్, 3,000 డాలర్ల జరిమానా. దేశాభిమానం గురించి అడిగారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఇక్కడి ఆసియా కుటుంబాలు ఆ సంగతి ఇంకా మర్చిపోలేదు.

పాత కోపం తగ్గి చాలాకాలమైనా, గుర్తులు ఉన్నాయి. 2006లో ఫోర్డ్ వాళ్ళ డియర్‌బోర్న్ ట్రక్ ప్లాంటులో ఫోర్డ్ కాని బళ్ళని గేటు దగ్గరి పార్కింగ్‌లో పెట్టనివ్వలేదు, రోడ్డవతల పెట్టుకుని నడిచి రావాల్సిందే. సప్లయర్ ఉద్యోగులం మేం కూడా ఏ కస్టమర్ ప్లాంటుకి మీటింగుకి వెళ్తే ఆ కంపెనీ బండిలో వెళ్ళడానికే చూస్తాం. ఎవరూ రూలు పెట్టలేదు, అది మర్యాద కింద లెక్క.

ఇదే మనస్తత్వం జార్జియాలో తిరగబడి కనిపిస్తుంది. బట్టల మిల్లులు పోయి వెలవెలబోయిన వెస్ట్ పాయింట్ అనే చిన్న ఊళ్ళో కియా ప్లాంటు పెట్టింది, 2009లో కార్లు రావడం మొదలైంది. మా ఊరికి కియాని పంపినందుకు యేసుకి కృతజ్ఞతలంటూ ఇళ్ళ ముందు బోర్డులు పెట్టారు. పెనుకొండ దగ్గర ప్లాంటు వచ్చాక మనవాళ్ళకి కియా "అనంతపురం బండి" అయిపోలేదూ? అక్కడ ఎవరూ కియాని కొరియా కంపెనీ అని దూరం పెట్టరు.

మా మిషిగన్ రాష్ట్రంలో రోడ్డు మీద చూస్తే ఇప్పటికీ ఫోర్డ్, షెవర్లే, జీప్‌లే. దానికి అభిమానం కంటే పెద్ద కారణం డిస్కౌంటు. ఉద్యోగులకి, రిటైరైనవాళ్ళకి, వాళ్ళ చుట్టాలకి, మాలాంటి సప్లయర్లకి కూడా కంపెనీ ధరలు వేరే ఉంటాయి. ఆ ధర మీద లీజుకి తీసుకుని రెండు మూడేళ్ళకి తిరిగిచ్చేసి కొత్తది తెచ్చుకుంటారు. దీనివల్ల ఒకటి జరుగుతుంది, నేను ఇక్కడ చాలామందిలో గమనించాను. వాళ్ళు తమ కంపెనీ కారుని పదేళ్ళ వయసులో ఎప్పుడూ నడపరు. వారంటీ అయ్యాక ట్రాన్స్‌మిషన్ ఎలా ఉంటుందో, ఏసీ కంప్రెసర్ ఎప్పుడు పోతుందో వాళ్ళకి తెలియదు. "మా బళ్ళకేం లోటు?" అని నిజాయితీగానే అంటారు. కానీ దేశంలో రోడ్ల మీదున్న బండి సగటు వయసు 12 ఏళ్ళు దాటింది. కాలిఫోర్నియాలోనో కరోలినాలోనో సొంత డబ్బుతో కొని పిల్లాడి కాలేజీ దాకా నడిపేవాడికి కావలసింది ఆ పన్నెండో ఏడు.

మా పక్కింటాయన జీఎంలో రిటైరయ్యాడు. కూతురు ఒహాయోలో ఉంటుంది, క్యామ్రీ నడుపుతుంది. పండక్కి వచ్చినప్పుడు "మీ డ్రైవ్‌వేలో పెట్టుకోనా, నాన్న సణుగుడు పడలేను" అని నవ్వుతూ అడుగుతుంది. ఒకసారి ఆయన మా ఇంటి ముందు నిలబడి ఆ కారుని వెక్కిరిస్తుంటే, విండ్‌షీల్డ్ కింద మూలనుండే నంబరు చూడమన్నాను. 4తో మొదలైంది, అంటే అమెరికాలో చేసింది, ఆ కారు కెంటకీది. 1, 4, 5 అమెరికా, 2 కెనడా, 3 మెక్సికో, జె అయితే జపాన్, కె అయితే కొరియా. ఆయన తన షెవర్లే సిల్వరాడో పికప్ దగ్గరికెళ్ళి వంగి చూసుకున్నాడు. 3. మెక్సికోలోని సిలావో ప్లాంటు బండి. కాసేపు గడ్డం గోక్కుని, "లాభమైనా డెట్రాయిట్‌కొస్తుందిగా" అన్నాడు. అది కొట్టిపారెయ్యాల్సిన వాదన కాదు. ఇంజనీరింగ్, డిజైన్ ఉద్యోగాలు ఎక్కువగా హెడ్డాఫీసు చుట్టూనే ఉంటాయి. నా ఉద్యోగం కూడా ఆ లెక్కలోదే.

షోరూంలో కొత్త కారు అద్దానికి అంటించే కాగితం మీద కూడా ఇదంతా రాసుంటుంది. అమెరికా, కెనడా విడిభాగాలు ఎంత శాతం, చివరి కూర్పు ఎక్కడ అన్నది 1994 నుంచి చట్టప్రకారం వెయ్యాలి. షెవర్లేలో చవకైన ట్రాక్స్ కొరియా నుంచి వస్తుంది. జీప్, రామ్, డాడ్జ్ బ్రాండ్ల యజమాని స్టెలాంటిస్ హెడ్డాఫీసు నెదర్లాండ్స్‌లో. ఆ కాగితం చదివి మనసు మార్చుకున్న కస్టమర్‌ని నేనింతవరకూ చూళ్ళేదు.

ఇక పికప్ ట్రక్కుల సంగతి. అక్కడ డెట్రాయిట్‌ని ఎవరూ కదిలించలేకపోయారు. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచి ఏటా ఎక్కువ అమ్ముడయ్యే ట్రక్కు. తాత ఫోర్డ్ అయితే మనవడూ ఫోర్డే, షెవర్లే వాళ్ళతో సంబంధం కలుపుకోవడమే తక్కువ అన్నట్టు ఉంటుంది టెక్సస్ లాంటి చోట్ల. నిస్సాన్ టైటన్ ఇరవై ఏళ్ళు గింజుకుని 2024లో మానుకుంది. టయోటా టండ్రాని టెక్సస్‌లోనే చేస్తున్నా అమ్మకాల్లో ఫోర్డ్ దరిదాపుల్లో లేదు.

ఈ అభిమానం నిజమే కానీ, దాని చుట్టూ ఒక గోడ ఉంది. 1960ల మొదట్లో అమెరికా కోళ్ళ మీద యూరప్ సుంకం వేస్తే, బదులుగా 1964 నుంచి బయటి ట్రక్కుల మీద అమెరికా 25 శాతం వేసింది. కార్ల మీద సుంకం మాత్రం తర్వాత్తర్వాత తగ్గి, 2025 దాకా 2.5 శాతమే ఉండేది. కోళ్ళ తగువు ఎప్పుడో అయిపోయినా ట్రక్కు సుంకం అలాగే ఉంది. పోటీ లేని చోట లాభాలు బాగుంటాయి, లాభాలున్న చోటే కంపెనీ మంచి ఇంజనీర్లని పెడుతుంది, ట్రక్కు నిజంగానే బాగుంటుంది. ఈ సుంకం డెట్రాయిట్‌నీ కరిచింది. ఫోర్డ్ టర్కీలో చేసిన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లని వెనక సీట్లు పెట్టి "ప్యాసింజర్ బండి" అని దించి, కస్టమ్స్ దాటగానే సీట్లు పీకేసేది. 2024లో దానికి 36.5 కోట్ల డాలర్లు కట్టి రాజీ పడింది.

సెడాన్లని మాత్రం వదిలేసుకున్నారు. మస్టాంగ్ తప్ప కార్లన్నీ ఆపేస్తామని ఫోర్డ్ 2018లో చెప్పింది, జీఎం 2024 చివర్లో మాలిబు కూడా ఆపేసింది. ఇవాళ కాలేజీ నుంచి బయటికొచ్చిన పిల్ల మామూలు సెడాన్ కొనాలంటే టయోటా, హోండా, హ్యుందాయ్, నిస్సాన్ లాంటి బయటి కంపెనీల షోరూంలకే పోవాలి. 1970ల్లో చేసిన పనే మళ్ళీ చేస్తున్నారేమోనని నా భయం. 2021లో చిప్‌ల కొరతప్పుడు టయోటా ఇక్కడి అమ్మకాల్లో జీఎంని దాటేసింది. 1931 తర్వాత జీఎం మొదటి స్థానం పోగొట్టుకోవడం అదే. మరుసటి ఏడాది తిరిగి తెచ్చుకుందనుకోండి.

2025 ఏప్రిల్ నుంచి దిగుమతి కార్ల మీద కూడా 25 శాతం వేశారు, తర్వాత బేరాలాడి జపాన్, యూరప్‌లకి 15కి తగ్గించారు. చైనా ఎలక్ట్రిక్ కార్ల మీదైతే 2024లోనే 100 శాతం పడింది, కాబట్టి అవి ఇక్కడ షోరూంలలో కనబడవు. అవి ఎలా ఉంటాయో డెట్రాయిట్‌కి తెలియదనుకోవద్దు. 2024లో ఫోర్డ్ సీఈవో జిమ్ ఫార్లీ షావోమీ ఎస్‌యూ7 అనే చైనా ఎలక్ట్రిక్ కారు తెప్పించుకుని ఆరు నెలలుగా నడుపుతున్నానని, వదలబుద్ధి కావడం లేదని బహిరంగంగానే చెప్పాడు.