అల్లుడూ, ముందు ఆయిల్ చూడు

ఒరేయ్ అల్లుడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడు ఏదో స్పీడు కారు కొన్నాడట, నువ్వే కాస్త చెప్పు" అంది. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. 2013 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్, 86 వేల మైళ్ళు, ఐదు గేర్ల మాన్యువల్, ఎవరూ పెద్దగా చెయ్యి పెట్టని బండి. మంచి బండే కొన్నావు. అక్కకి నేను నచ్చజెప్తాను. కానీ ఫొటోల కింద నువ్వు రాసిన లిస్టు చూశాక నాకు టెన్షన్ పట్టుకుంది. ముందు ఇన్‌టేక్ (గాలి లోపలికి తీసుకునే పైపు), తర్వాత డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే పైపు), బ్లో-ఆఫ్ వాల్వ్ (ఎక్కువైన గాలిని బయటికి వదిలే వాల్వు), డబ్బులు మిగిలితే ట్యూన్, అంటే ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు మార్పించడం. 2012లో నేను రాసుకున్న లిస్టు కూడా ఇదే వరసలో ఉండేది.

నా 2009 డబ్ల్యూఆర్‌ఎక్స్ ఇంజిన్ ఎలా పోయిందో ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. నీకు చెప్తాను. కొన్న రెండో నెలలోనే వెడల్పాటి పైపున్న ఇన్‌టేక్ ఒకటి తెచ్చి నేనే బిగించాను. అమ్మినతను "దీనికి ట్యూన్ అక్కర్లేదు" అన్నాడు, నమ్మాను. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే టర్బో చప్పుడు బాగా వినిపిస్తుంటే బండికి బలం పెరిగిందనే అనుకున్నాను. ఈ కార్లలో లోపలికి ఎంత గాలి పోతోందో కొలిచే సెన్సార్ ఆ పైపులోనే ఉంటుంది. పైపు వెడల్పయితే అంతే గాలి సెన్సార్ పక్కనుంచి నెమ్మదిగా పోతుంది. గాలి తక్కువే వస్తోందని కంప్యూటర్ లెక్కవేసి గ్యాస్, అంటే పెట్రోలు, తక్కువ పోస్తుంది. బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని గట్టిగా తోస్తుండగా, గ్యాస్ తగ్గితే సిలిండర్‌లో వేడి పెరుగుతుంది. స్పార్క్‌తో అంటుకున్న మంట చేరేలోపే మిగిలిన మిశ్రమం దానంతటదే పేలుతుంది. దాన్నే నాక్ అంటారు. పిస్టన్ నెత్తిన సుత్తితో కొట్టినట్టే ఒక్కో దెబ్బ. మన ఇద్దరి బండ్లలోనూ ఉన్న ఈజే255 ఇంజిన్‌లో ఉన్నవి పోత పిస్టన్లు. అలాంటి దెబ్బలు పడితే రింగుల మధ్య ఉండే సన్నటి అంచు, రింగ్‌ల్యాండ్ అంటారు, అది పెళుసుగా విరిగిపోతుంది.

నాది నాలుగు నెలలు నడిచింది. ఒక చలి ఉదయం సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణికింది, వెనక నీలం పొగ. కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంతుందో చూసే పరీక్ష) చేయిస్తే మూడు సిలిండర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి, 4వది బాగా పడిపోయింది. ఈ ఇంజిన్లలో ఎక్కువసార్లు పోయేది ఆ నాలుగోదే. మళ్ళీ ఇంజిన్ కట్టించడానికి, సంక్రాంతికి ఇంటికి వెళ్దామని దాచుకున్న డబ్బంతా అయిపోయింది. మీ అమ్మమ్మకి సెలవు దొరకలేదని చెప్పాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే చెప్తున్నాను, మొదటి ఏడాది ఇంజిన్ జోలికి వెళ్ళకు. కంపెనీ ఇచ్చిన 265 గుర్రాల బలం (హార్స్‌పవర్) నీకు చాలు. ఆ ఏడాదంతా బండి అలవాట్లు తెలుసుకో. అన్నిటికంటే ముందు ఆయిల్ ఎంత తాగుతుందో తెలుసుకో.

టర్బోలో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. దాన్ని మోసేది సన్నటి ఆయిల్ పొర మాత్రమే. క్రాంక్ దగ్గర కనెక్టింగ్ రాడ్ బేరింగులదీ అదే సంగతి. ఈ ఇంజిన్లు కొద్దికొద్దిగా ఆయిల్ తాగడం మామూలే. తాగుతోందని చూసుకోకపోతేనే ప్రమాదం. గ్యాస్ కొట్టించిన ప్రతి రెండోసారి డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) తియ్యి. సుబారు డిప్‌స్టిక్ చదవడం కాస్త కష్టం, రెండు వైపులా రెండు రకాలుగా కనిపిస్తుంది. తక్కువ చూపించే వైపే నమ్ము. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ప్రెషర్ పడిపోయాక గానీ వెలగదు, అప్పటికి బేరింగులు అరిగిపోయి ఉంటాయి. మంచి సింథటిక్ 5డబ్ల్యూ-30 పోసి, నాలుగు వేల మైళ్ళు దాటకుండా మార్చు. నేను ఇన్నేళ్ళుగా అదే చేస్తున్నాను. ఎంత పోశానో, ఏ మైలు దగ్గర పోశానో ఒక పుస్తకంలో రాసుకుంటాను. టర్బోకి ఆయిల్ తీసుకెళ్ళే గొట్టం బోల్టులో చిన్న జల్లెడ ఒకటి ఉంటుంది. అది మడ్డితో మూసుకుపోతే టర్బోకి ఆయిల్ అందదు. పాత బండి కాబట్టి ఒకసారి తీయించి చూడమను.

పొద్దున్నే స్టార్ట్ చేసి హైవే ఎక్కగానే తొక్కకు. టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చినా అది కూలెంట్ వేడి, ఆయిల్ వేడెక్కడానికి ఇంకా టైమ్ పడుతుంది. పది, పదిహేను నిమిషాలు బూస్ట్ రాకుండా నడుపు. ఇంటికి వచ్చేటప్పుడు చివరి మైలు నెమ్మదిగా రా, టర్బో చల్లబడుతుంది. మన ఊళ్ళో టర్బో లారీ డ్రైవర్లు ఘాట్ ఎక్కి ఆగాక ఇంజిన్ వెంటనే కట్టెయ్యరు చూడు, కాసేపు ఐడిల్‌లో ఉంచుతారు. వాళ్ళకి ఎవరూ థియరీ చెప్పలేదు, టర్బో మార్పిస్తే ఎంత అవుతుందో తెలుసు.

పిస్టన్లూ వాల్వులూ లయ తప్పకుండా కదిలేలా చూసే టైమింగ్ బెల్టు 1,05,000 మైళ్ళకి మార్చాలి. నీకింకా 19 వేలు ఉన్నాయి, ఇప్పటినుంచే డబ్బు పక్కన పెట్టు. అది తెగితే పిస్టన్లు, వాల్వులు ఒకదానికొకటి తగిలి వాల్వులు వంగిపోతాయి. బెల్టు ఒక్కటే కాకుండా దాన్ని బిగించే టెన్షనర్, నడిపించే ఐడ్లర్లు, వాటర్ పంపు కలిపి వేయించు. లేబర్ ఎలాగూ ఒకటే. గేర్‌బాక్స్, వెనక డిఫరెన్షియల్ (చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఆయిల్ 30 వేల మైళ్ళకోసారి. పాత ఓనరు దగ్గర రసీదు లేకపోతే ఇప్పుడే మార్పించెయ్యి.

టైర్ల విషయం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నాలుగు చక్రాలకీ ఎప్పుడూ బలం అందే బండిలో నాలుగు టైర్లూ ఒకే కొలతలో ఉండాలి. ఒకటి అరిగి, ఒకటి కొత్తదైతే రెండూ వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. ఆ తేడాని మింగేది మధ్యలో ఉన్న డిఫరెన్షియల్. నీ మాన్యువల్ బండిలో దాని పక్కన విస్కస్ కప్లింగ్ ఉంటుంది. మామూలుగా అయితే అది చక్రం జారినప్పుడే పనిచేస్తుంది. టైర్లలో తేడా ఉంటే హైవే మీద గంటలు గంటలు పనిచేస్తూ కాలిపోతుంది. ట్రెడ్ లోతులో తేడా అంగుళంలో 32వ వంతులు రెండు దాటనివ్వకు. మీ న్యూజెర్సీ ఎడిసన్‌లో చలికాలం అయ్యేసరికి రోడ్ల మీద ఎన్ని గుంతలు పడతాయో నీకు తెలిసిందే. ఒక టైరు పగిలి మిగతా మూడూ సగం అరిగి ఉంటే రెండే దారులు: నాలుగూ మార్చడం, లేదా కొత్తదాన్ని మిగతావాటి కొలతకి చెక్కించి వేయడం. అలా చెక్కి పంపే దుకాణాలు అమెరికాలో ఉన్నాయి. బండి ఎక్కడైనా ఆగిపోతే ఫ్లాట్‌బెడ్ (బండిని మొత్తం పైకెక్కించుకునే లారీ) మీదే ఎక్కించమను. రెండు చక్రాలు నేల మీద ఉంచి లాక్కెళ్తానంటే ఒప్పుకోకు, అర్ధరాత్రయినా సరే.

ఇంకోటి, ఆల్ వీల్ డ్రైవ్ మంచులో కదలడానికి సాయపడుతుంది. ఆగడానికి ఏ మాత్రం సాయపడదు. మొదటి మంచు పడ్డ రోజు నీకు ధైర్యం ఎక్కువ వస్తుంది, జాగ్రత్త. నీ దగ్గర మిగిలిన డబ్బుతో మొదట కొనాల్సింది నాలుగు వింటర్ టైర్లు, ఆ తర్వాత మంచి బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఫ్లూయిడ్. మాడిఫికేషన్ అనే మాటకి నా దృష్టిలో అర్థం అక్కడ మొదలవుతుంది. మూల తిరిగేటప్పుడు బండి నీ మాట వింటే వచ్చే ఆనందం, తిన్నటి రోడ్డు మీద తొక్కితే వచ్చేదానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఏడాది తర్వాత బలం కావాలనిపిస్తే అప్పుడు వరస తిరగెయ్యి. ముందు కంప్రెషన్, లీక్‌డౌన్ (ఆ ఒత్తిడి ఎంత కారిపోతోందో చూసే) టెస్టులు, కొత్త ప్లగ్గులు, బూస్ట్ గొట్టాల్లో లీకులు లేవని చూసుకోవడం. తర్వాత ఇంజిన్ లెక్కలన్నీ చూపించి రికార్డు చేసే పరికరం. అందులో డ్యామ్ అనే అంకె 1 దగ్గర నిలబడి ఉండాలి. అది తగ్గిందంటే కంప్యూటర్ నాక్ విని స్పార్క్ టైమింగ్ వెనక్కి లాక్కుంటోందని అర్థం. ఆ రోజు కాలు తీసెయ్యి, కారణం దొరికేదాకా బూస్ట్ వద్దు. అంకెలు బాగుంటే పార్టులేవీ మార్చకుండా, మీ న్యూజెర్సీలో దొరికే 93 ఆక్టేన్ గ్యాస్‌కి (అంకె పెరిగితే నాక్‌ని ఎక్కువ తట్టుకుంటుంది) అనుభవమున్న ట్యూనర్ చేత మెత్తటి ట్యూన్ రాయించు. కాలిఫోర్నియాకి డ్రైవ్ చేసుకుని వెళ్తే అక్కడ దొరికేది 91, ఆ ట్యూన్ అక్కడ పనికిరాదు, ముందే 91కి ఇంకోటి రాయించుకో. ఇన్‌టేక్ కావాలంటే ట్యూన్‌తో పాటే, ఒకే రోజు.

బ్లో-ఆఫ్ వాల్వ్ వద్దు. సెన్సార్ అప్పటికే కొలిచేసిన గాలిని నువ్వు బయటికి వదిలేస్తావు, కంప్యూటర్ దానికి సరిపడా గ్యాస్ పోసేస్తుంది, గేరు మార్చిన ప్రతిసారీ గ్యాస్ ఎక్కువై తడబడుతుంది. పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన డౌన్‌పైప్ అసలే వద్దు. అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం, రెండేళ్ళకోసారి జరిగే ఇన్‌స్పెక్షన్‌లోనూ ఇబ్బంది. పైగా మన వెనక కారులో పసిపిల్లలు ఉంటారు, ఆ పొగ వాళ్ళు పీలుస్తారు.

నువ్వు చిన్నప్పుడు నా స్కూటర్ ప్లగ్గు తుడిచి ఇచ్చేవాడివి, అది నేను మర్చిపోలేదు. ఈ శనివారం పొద్దున ఇంజిన్ చల్లగా ఉండగా, బండి సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి డిప్‌స్టిక్ తియ్యి, రెండు వైపులా ఫొటో తీసి పంపు. నాలుగు టైర్ల ట్రెడ్ లోతు కొలిచి దాని కింద రాయి. కంప్రెషన్ టెస్టుకి మంచి షాపు దొరకకపోతే చెప్పు, లాంగ్ వీకెండ్‌కి నేనే గేజ్ పట్టుకుని వస్తాను.

మీ మామయ్య