అమ్మ టీవీలో చూసిందట, నిజమేనా అక్కా?

"అక్కా, మాది కావలి. ఎమ్మెస్ చేయడానికి ఆగస్టులో డాలస్ వచ్చాను. స్టూడెంట్లని నాలుగేళ్లకి మించి ఉండనివ్వరని మా అమ్మ టీవీలో చూసి రోజూ ఏడుస్తోంది. ఇక్కడేమో ఒక రూమ్మేట్ పెట్టే ఛానెల్లో ఒక మాట, ఇంకొకడు పెట్టే ఛానెల్లో ఇంకో మాట. ఎవర్ని నమ్మాలి?"

తమ్ముడూ, ముందు అమ్మ సంగతి చూద్దాం. 2025 ఆగస్టు 28న అమెరికా ప్రభుత్వ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో ఆ విషయం వచ్చిన మాట నిజం. చదువు సాగినంత కాలం ఉండనిచ్చే పద్ధతి తీసేసి గరిష్ఠంగా నాలుగేళ్లు గడువు పెడతామని, చదువయ్యాక ఇచ్చే 60 రోజుల్ని 30కి తగ్గిస్తామని అందులో ఉంది. గడువు చాలకపోతే పొడిగింపుకి అప్లై చేసుకోవచ్చని కూడా ఉంది. అయితే అప్పుడు వచ్చింది ప్రతిపాదన మాత్రమే. జనం అభిప్రాయాలు తీసుకుని, తుది రూల్‌గా మళ్లీ అచ్చేస్తేనే అమల్లోకి వస్తుంది. ఆ "ప్రతిపాదన" అన్న ఒక్క మాట స్క్రోలింగ్‌లో ఎగిరిపోతే చాలు, కావలిలో ఒక తల్లికి నిద్ర పట్టదు.

మా పిన్ని కొడుక్కి జరిగింది చెబుతాను. హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసా మీద పదేళ్లుగా ఇక్కడే ఉన్నాడు. మహాలయ అమావాస్యకి వాళ్ల నాన్నకి తర్పణం వదలాలని 2025 సెప్టెంబరులో నెల్లూరు వెళ్లాడు. అమావాస్య ఆదివారం, 21వ తేదీ. శనివారం తెల్లారి లేచేసరికి టీవీలో ఒకటే మోత: హెచ్‌1బీకి లక్ష డాలర్లు, ఏటా కట్టాలి, బయట ఉన్నవాళ్లు ఆదివారంలోగా అమెరికా చేరకపోతే అంతే. రంగనాయకుల గుడి వెనక పెన్నా ఒడ్డున పురోహితుడితో మాట్లాడి పెట్టుకున్నవాడు, రెండు లక్షలు పోసి టికెట్ కొని మధ్యాహ్నానికే కారెక్కి చెన్నై పరిగెత్తాడు. పిన్ని కట్టిన మలైకాజా డబ్బా ఫ్రిజ్ మీదే ఉండిపోయింది. దారిలో విమానం మారేచోట దిగి ఫోన్ ఆన్ చేస్తే వైట్‌హౌస్ వివరణ వచ్చేసి ఉంది. అది ఏటా కట్టేది కాదు, ఒక్కసారే. కంపెనీలు కొత్తగా పెట్టే దరఖాస్తులకి మాత్రమే. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకి వర్తించదు. తర్పణం సమయానికి వాడు ఆకాశంలో ఉన్నాడు.

తప్పంతా ఛానెళ్లదే అనను. ఏటా కట్టాలని ముందు అన్నది అమెరికా వాణిజ్య మంత్రి హోవార్డ్ లుట్నిక్. పెద్ద కంపెనీలే వెంటనే వచ్చేయమని ఉద్యోగులకి మెయిళ్లు పెట్టాయి. కానీ "ఇంకా స్పష్టత లేదు" అని చెప్పడానికి ఒక లైను పడుతుంది. మా వాళ్లింట్లో మోగిన ఛానెల్ ఆ లైను వేయలేదు. మర్నాడు వివరణని మాత్రం కింద సన్నక్షరాల్లో నడిపించింది. నాకు బాధ అక్కడే.

ఇక నీ రూమ్మేట్ల గొడవ. మన ఊళ్లో టీకొట్టు దగ్గర పేపరు తిరగేసే పెద్దాయనకి కూడా ఏ పేపరు ఏ పార్టీ వైపో తెలుసు. ఒకదాంట్లో సభకి జనం పోటెత్తారని ఉంటే, రెండోదాంట్లో ఖాళీ కుర్చీల ఫోటో ఉంటుంది. ఆయన రెండూ చూసి ఒక అంచనాకి వస్తాడు. అదే ఇంటి పిల్లాడు ఇక్కడికొచ్చాక, ఇంగ్లీషులో చెప్పారు కాబట్టి నిజమే అనుకుంటాడు. ఫాక్స్ న్యూస్ మొగ్గు రిపబ్లికన్ల వైపు. సరిహద్దు, నేరాలు ఎక్కువ చూపిస్తుంది. అవతలి వైపు ఛానెళ్లు విడిపోయిన కుటుంబాల్ని, ఏడ్చే పిల్లల్ని చూపిస్తాయి. రెండూ ఉన్నవే. మనలాంటి వాళ్లు శాశ్వత నివాసం కోసం నిలబడే గ్రీన్‌కార్డు క్యూ రెండింట్లోనూ పెద్దగా కనబడదు. వాళ్లు వాడే మాట పట్టుకో, మొగ్గు తెలిసిపోతుంది. "ఇల్లీగల్" అనే మాట చేసిన పనికి వాడాలి గానీ మనిషికి తగిలించకూడదని అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ 2013లోనే తన భాషా నియమాల పుస్తకం, స్టైల్‌బుక్ మార్చుకుంది. ఇప్పటికీ చాలామంది మనిషికే తగిలిస్తున్నారు.

పత్రిక ఒక పక్షం తీసుకోవడం నాకు తప్పనిపించదు. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు ఈనాడు ఆ ఉద్యమాన్ని భుజానేసుకుంది. ఆ కబుర్లు వింటూ పెరిగినదాన్ని. పక్షం దాచకుండా చెప్పాలి, చెప్పేముందు సరిచూసుకోవాలి. నేనడిగేది అంతే.

సరిచూసుకోవడం అంత తేలికా అంటే, 2025 ఫిబ్రవరి 5 గుర్తు చేసుకో. అనుమతి లేకుండా అమెరికాలో ఉన్నారని 104 మంది మనవాళ్లని మిలిటరీ విమానంలో పంపి అమృత్‌సర్‌లో దించారు. సంకెళ్లతో ఉన్న ఒక ఫోటో మన వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. అది గ్వాటెమాలా వాళ్లదని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ తేల్చింది. దాంతో కొందరు సంకెళ్ల కథే అబద్ధం అన్నారు. కానీ దిగినవాళ్లే సంకెళ్లు వేశారని చెప్పారు, అమెరికా బోర్డర్ పెట్రోల్ అధిపతి పెట్టిన వీడియోలోనూ అవి కనబడ్డాయి. ఫోటో తప్పు, విషయం నిజం. ఆ రోజు మా గ్రూపులో ఒకాయన "దొంగదారిలో వెళ్లారు, మనకేం" అని రాశాడు. మన మొగ్గు కూడా మొగ్గే తమ్ముడూ.

వీసా వార్త ఏదొచ్చినా ఆ రోజు ఫార్వర్డ్ చేయకు. అమెరికా ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్ చూడు, మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ పెట్టు. అమ్మకి రేపు వీడియో కాల్ చేసి కాలేజీ ఇచ్చిన నీ ఐ-20 కాగితం కెమెరా ముందు పెట్టి, కోర్సు ముగిసే తేదీ మీద వేలు పెట్టి చూపించు. ఆవిడ రాసి పెట్టుకుంటుంది.