ఆ ఇంటి రెండో తాళంచెవి ఎక్కడుంది?

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. జేజినాయన కట్టించిన ఇల్లు, అందులో సామాను నాయనకూ చిన్నాయనకూ ఉమ్మడివి, పంచుకోలేదు. 2014లో నాయన పోయినాక ఒక తాళంచెవి చిన్నాయనకిచ్చి, అమ్మను తీసుకొని హైదరాబాదు వచ్చేసినాను. చెల్లెలికి పెళ్లయింది. సామానుకు చెదలు పడుతోందని చిన్నాయన ఒకసారి ఫోన్ చేస్తే "నువ్వే చూసుకో" అన్నాను. రెండేళ్ల ఎనిమిది నెలల కిందట బెంగళూరులో ఒక వేలంలో మా భోషాణం, పందిరిమంచం, చెక్కడపు వాకిలి, 1922లో వేయించిన జేజినాయన తైలవర్ణ చిత్రం అమ్ముడుపోయినాయి. వేలం వాళ్ల వెబ్‌సైటులో అప్పుడే చూసినాను. ఆ పటం చూసి అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. చిన్నాయన మీద దొంగతనం కేసు పెట్టొచ్చునా? తెలిసినాయన ఒకరు పాత స్టాంపు పేపరు తెస్తానంటున్నాడు. సామానంతా నాయన భాగానికి వచ్చినట్టు 2013 తేదీతో పారీకత్తు (పంపకాల పత్రం) రాసుకుంటే సరిపోతుందట. సలహా చెప్పండి.
— ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: "ఒక తాళంచెవి" అని రాశారు. నేను అక్కడే ఆగాను. రెండోది ఉందా? ఉంటే ఎవరి దగ్గరుంది?

ఎందుకు అడుగుతున్నానంటే, తనది కాని వస్తువును ఎవరు అమ్మినా కొన్నవాడికి హక్కు రాదనేది 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో మూల సూత్రం. కానీ 28వ సెక్షన్ దానికి ఒక మినహాయింపు పెట్టింది. ఉమ్మడి వస్తువు మిగతా హక్కుదారుల అనుమతితో ఒక్కరి స్వాధీనంలోనే ఉండి, ఆ ఒక్కరు దాన్ని అమ్మితే, ఆయనకు అమ్మే అధికారం లేదని తెలియక నిజాయితీగా కొన్నవాడికి పూర్తి హక్కు వస్తుంది. అమ్మడానికి మీ అనుమతి ఉందా అని ఈ సెక్షన్ అడగదు. మీ అనుమతితో వస్తువు ఆయన ఒక్కడి చేతిలో ఉందా అనే అడుగుతుంది. ఇల్లు పూర్తిగా చిన్నాయనకు వదిలేసి ఉంటే భోషాణం, మంచం, పటం తిరిగి రావడం చాలా కష్టం. మీకు మిగిలేది డబ్బులో వాటా. అదే రెండో తాళంచెవి మీ అమ్మ దగ్గర ఉండి, మీరు పండక్కో తిరునాళ్లకో వచ్చి ఆ ఇంట్లోనే దిగి, ఆ మంచం మీదే పడుకొని ఉంటే, స్వాధీనం ఆయన ఒక్కడిది కాదు. అప్పుడు కథ మారుతుంది. మీ అమ్మ, చెల్లెలు కూడా హక్కుదారులే. వాళ్ల అనుమతి ఎవరడిగారు? ఇదీ తేలాలి.

"నువ్వే చూసుకో" అన్న మాట చిన్నాయనకు, మీకు మధ్య లెక్కలో పనికొస్తుంది. చూసుకోమంటే కాపాడమని. అమ్ముకోమన్నారని ఆయన అంటే ఆయనే రుజువు చేసుకోవాలి.

వాకిలి సంగతి వేరు. గోడలో ఉన్నంతవరకు అది ఇంటిలో భాగం, స్థిరాస్తి. తాళంచెవి ఇచ్చినంత మాత్రాన గోడ పగలగొట్టమని ఇచ్చినట్టు కాదు. దాని మీద మీ వాదనకు బలముంది.

ఇక మిమ్మల్ని గట్టిగా అడగాల్సిన మాట. రెండేళ్ల ఎనిమిది నెలలు ఏం చేశారు? 1963 కాలపరిమితి చట్టంలో ఇలాంటి చరాస్తి దావాకు మూడేళ్లు. అపహరించిన వస్తువు ఎవరి దగ్గరుందో తెలిసిన రోజు నుంచి లెక్క అని 68వ ఆర్టికల్ అంటుంది, కొన్నవాడి పేరు మీకు ఇంకా తెలియదు కూడా. అయినా ఆ ధీమాతో కూర్చోవద్దు. వేలం జరిగిన రోజు నుంచే లెక్క పెట్టుకోండి. మీకు నాలుగు నెలలుంది. లాయరు నోటీసు ఇస్తే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు, దావా పడాల్సిందే.

ఆ స్టాంపు పేపరు జోలికి పోవద్దు. దాని వెనక వెండరు ముద్ర, నంబరు, తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి. అవే అతని రిజిస్టరులోనూ ఉంటాయి. కోర్టు దాన్ని తెప్పిస్తే ఒక్క రోజులో బయటపడుతుంది. చనిపోయిన మీ నాయన సంతకం ఎవరు పెడతారు? భారతీయ న్యాయ సంహిత 338 కింద ఇలాంటి ఫోర్జరీకి పదేళ్ల దాకా, యావజ్జీవం దాకా కూడా శిక్ష పడొచ్చు. ఆ పేపరు తెస్తానన్నాయన జైలుకు మీకు తోడు రాడు. పైగా మీ దగ్గరున్న నిజమైన సాక్ష్యాన్ని కూడా ఆ తర్వాత ఎవరూ నమ్మరు. దొంగతనం కేసూ అంతే. సొంత భాగమున్నవాడు, తాళంచెవి మీరే ఇచ్చినవాడు. పోలీసులు సివిల్ తగాదా అని పంపేస్తారు. ఈలోగా "ఇల్లు చిన్నాయనకే వదిలేసినాము" అని ఫిర్యాదులో రాసి సంతకం చేస్తే, కొన్నవాడికి 28వ సెక్షన్‌ను మీ చేతులతో అందించినట్టే.

సాక్ష్యం పోగుచేయండి. అవి మీ వస్తువులేనని గుర్తుపట్టించాలి. భోషాణం కింది సొరుగుకు ఎడమవైపు ఇత్తడి రింగు చిన్నప్పుడు ఊడిపోయిందనుకోండి, వేలం ఫొటోలోనూ అక్కడ రెండు చిల్లులే కనబడితే, పది మంది సాక్షుల కంటే అది నయం. ఇంట్లో జరిగిన పెళ్లిళ్ల ఆల్బములు తీసి, వెనక గోడకు పటం పడిందేమో చూడండి. వెబ్‌సైటు పేజీ ఉంటే ఈ రోజే భద్రపరచండి, రేపు తీసేయొచ్చు. స్క్రీన్‌షాట్లకు 2023 భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే వాటిని ఏ పరికరంలో ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం, జతచేయాలి. కాబట్టి అవి తీసిన ఫోను అమ్మొద్దు, ఫార్మాట్ కొట్టించొద్దు.

అమ్మను, చెల్లెలిని కలుపుకొని మొత్తం ఉమ్మడి ఆస్తికి, సామానుతో సహా, భాగపరిష్కారం దావా వేయండి. అందులోనే వేలం సొమ్ముకు లెక్క అడగండి. వేలం సంస్థను ప్రతివాదిగా చేర్చి, చిన్నాయన సంతకం చేసిన ఒప్పందం, కొన్నవారి వివరాలు కోర్టు ద్వారా తెప్పించండి. పేరు తెలియగానే కొన్నాయన్నూ గడువులోపే చేర్చి, చేతులు మారకుండా ఇంజంక్షన్ అడగండి. 28వ సెక్షన్ ఆయనకు వర్తించకపోతే, డబ్బుతో తీరని వస్తువు గనక పటాన్నే అప్పగించమని నిర్దిష్ట ఉపశమన చట్టం 8వ సెక్షన్ కింద కోరవచ్చు. వందేళ్లు దాటిన చిత్రం 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. బయటికి పోతుందన్న అనుమానముంటే పురావస్తు శాఖకు రాతపూర్వకంగా తెలపండి.

వీటన్నిటికంటే ముందు అమ్మ పెట్టెలో ఆ రెండో తాళంచెవి వెతకండి. దొరికితే తుప్పు గీకొద్దు, నూనె రాయొద్దు. ఉన్నదున్నట్టు కవరులో పెట్టి, ఈ వారంలోనే మీ లాయరు దగ్గరికి తీసుకెళ్లండి.